తొక్కినదానికి రశీదెందుకు?

హైదరాబాద్‌లో తెల్లవారుజామున సైకిళ్ళేసుకుని తిరిగే గుంపుల్లో ఒక మాట బాగా చలామణీలో ఉంది. బయటి దేశాల్లో పుట్టి మనదాకా వచ్చింది. "స్ట్రావాలో లేకపోతే తొక్కనట్టే." జోకుగానే అంటారు. అందరూ నవ్వుతారు. నవ్వుతూనే ఫోను బయటికి తీసి, రికార్డింగ్ ఆన్ అయిందో లేదో ఒకసారి చూసుకుంటారు. నా గొడవ ఆ జోకుతో కాదు, ఆ చూసుకోవడంతో.

ముందే ఒకటి చెప్పేస్తాను. ఇది "మా చిన్నప్పుడు ఎంత బాగుండేదో" వ్యాసం కాదు. మా చిన్నప్పటి అద్దె సైకిళ్ళకి సగం వాటికి బ్రేకులు పనిచేసేవి కావు. టెక్నాలజీ మీద విసుగుతో రాస్తున్నదీ కాదు. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. కొలవడం మీదే నా జీతం వస్తుంది. ఏ స్క్రీన్ దగ్గర యూజర్ ఎన్ని సెకన్లు ఆగాడు, నిన్న వచ్చినవాళ్ళలో ఈరోజు ఎంతమంది మళ్ళీ వచ్చారు, ఏ నోటిఫికేషన్ పంపితే ఎంతమంది వేలు కదిపారు, ఇవి నేను రోజూ చూసే అంకెలు. అంకెలంటే నాకు భయం లేదు. కాకపోతే మీటింగ్ గదిలో గోడ మీద ఒక అంకె వేలాడదీస్తే ఏమవుతుందో చాలాసార్లు చూశాను. కాసేపటికి గదిలో అందరూ దానివైపు తిరిగి కూర్చుంటారు. అసలు ఎందుకు కలిశామో ఎవరికీ గుర్తుండదు.

సైకిలు తొక్కడంలో ఉన్న సంతోషం చాలా మామూలుది. సొంత కాళ్ళతో, పెట్రోలు లేకుండా, నడక కంటే నాలుగింతల వేగంతో, ఎటు బుద్ధి పుడితే అటు పోవడం. పోయి వచ్చాక ఎవరికీ లెక్క అప్పజెప్పక్కర్లేకపోవడం. ఈ రెండోది లేకపోతే మొదటిది వ్యాయామంగా మిగులుతుంది తప్ప సంతోషంగా మిగలదని నా వాదన. ట్రాకింగ్ తీసుకెళ్ళిపోయేది సరిగ్గా ఆ రెండోదాన్నే. గాలి అలాగే ఉంటుంది, చెమట అలాగే ఉంటుంది, తెల్లారి వెలుగు అలాగే ఉంటుంది. అందుకే ఏదో పోయిందని చప్పున తెలియదు.

*

సైకిలుకి కొలత తగిలించడం కొత్తేమీ కాదు. 1895లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్‌లో కర్టిస్ వీడర్ అనే ఇంజనీరు సైక్లోమీటర్ల కంపెనీ పెట్టాడు. ముందు చక్రం దగ్గర ఒక చిన్న డబ్బా, ఊచకి ఒక మేకు. చక్రం తిరిగినప్పుడల్లా మేకు వచ్చి డబ్బాలోని పళ్ళచక్రాన్ని ఒక్క పన్ను ముందుకు జరుపుతుంది, లోపల అంకెలు మారతాయి. ఎంత దూరం వెళ్ళామో తెలుసుకోవడం బాగుంటుంది కదా అన్నది వాళ్ళ ప్రకటన సారాంశం. నిజమే, బాగుంటుంది. నాకూ ఆ కుతూహలం అర్థమవుతుంది.

పోటీ పెట్టి చూసేవాళ్ళని పోగేయడమూ పాతదే. 1903లో టూర్ ద ఫ్రాన్స్ మొదలైందే లోటో అనే పత్రిక అమ్మకాలు పెంచుకోవడానికి. 1972లో మెక్సికో సిటీలో ఎడీ మెర్క్స్ గంటలో 49.431 కిలోమీటర్లు తొక్కాడు. అక్కడ ఆ అంకే అసలు విషయం. అది తీసేస్తే మెర్క్స్ ఆరోజు చేసింది గుండ్రటి ట్రాక్ మీద గంటసేపు తిరగడం మాత్రమే. పందెం కోసం తొక్కేవాడికి కొలత కావాలి. వాళ్ళ జోలికి నేను పోవడం లేదు.

మన ఊళ్ళలో అద్దె సైకిలు షాపువాడు కూడా కొలిచేవాడు. గోడకున్న గడియారం చూసి ఒక పాత నోటుబుక్కులో పేరు, టైము రాసుకునేవాడు. కానీ ఆ కొలత ఎంతవరకు? సైకిలు ఎప్పుడు తెచ్చావన్నంత వరకే. ఆ గంటలో చెరువుగట్టు మీదికెళ్ళావా, మేనత్తగారి వీధిలో నాలుగుసార్లు తిరిగావా, కిందపడి మోకాలు చెక్కుకుని కూర్చున్నావా అన్నది అతని పుస్తకంలో ఎక్కేది కాదు. వీడర్ డబ్బా కూడా అంతే. అందులోని అంకె హ్యాండిల్ కిందే పుట్టి అక్కడే ఉండిపోయేది. పక్కవాడి డబ్బాలో అంకె ఎంతో దానికి తెలియదు.

ఇప్పుడు మారింది ఇదే. కొలత సైకిలు దిగి బయటికి నడిచింది. 2009లో స్ట్రావా వచ్చింది. స్వీడిష్‌లో ఆ మాటకి ప్రయాసపడటం, పాటుపడటం అని అర్థం. పేరులోనే ఉంది చూడండి, అది షికారు కోసం పుట్టింది కాదు. దాని అసలు కనిపెట్టుడు దూరం కొలవడం కాదు, సెగ్మెంట్. రోడ్డు మీద ఒక ముక్కని ఎవరో ఒకరు గీత గీసి పేరు పెడతారు. ఆ ముక్క మీద మీకు ముందు వెళ్ళినవాళ్ళు, మీ తర్వాత వెళ్ళబోయేవాళ్ళు అందరూ ఒకే పట్టికలో వరసగా నిలబడతారు. మీరు పందెంలో ఉన్నారని మీకు ఎవరూ చెప్పరు. గండిపేట వైపు చల్లగాలికి వెళ్ళొచ్చి ఇంట్లో ఇడ్లీ తింటుంటే ఫోను చెబుతుంది, మీరు 214వ స్థానంలో ఉన్నారని. అప్పటిదాకా ఆ పొద్దున బాగానే ఉంది. ఆ క్షణం నుంచి అది 214వది.

*

సరే, కనీసం ఆ అంకె నిజమైనా చెబుతుందా? ఇంజనీరుగా నాకు ఇక్కడ ఇంకొంచెం ఒళ్ళు మండుతుంది.

ఫోను మీకు 38.42 కిలోమీటర్లు అని చూపిస్తుంది. ఆరుబయట, పైన అడ్డంకులు లేని ఆకాశం కింద మామూలు ఫోనులో జీపీఎస్‌కి సుమారు 5 మీటర్ల తేడా ఉంటుంది. ఫ్లైఓవర్ కిందికో, గచ్చిబౌలి అద్దాల మేడల మధ్యకో వెళితే ఇంకా పెరుగుతుంది. గోడలకి తగిలి వచ్చిన సిగ్నల్‌తో మీరు ఎవరి ఆఫీసు లాబీలోంచో తొక్కుకుంటూ వెళ్ళినట్టు మ్యాపులో గీత పడుతుంది. అయినా అంకె మాత్రం రెండు దశాంశాలతో ఠీవిగా కూర్చుంటుంది.

వేగం సంగతి ఇంకా తమాషా. సైకిలు మీద మనం పోరాడేది ఎక్కువగా గాలితోనే. గాలిని తోసుకుపోవడానికి కావలసిన శక్తి వేగానికి ఘనంలో పెరుగుతుంది. అంటే గంటకి 20 నుంచి 25కి వెళ్ళాలంటే వేగం పావు వంతు పెరిగితే, గాలి కోసం పెట్టాల్సిన శక్తి దాదాపు రెట్టింపు అవుతుంది. ఎదురుగాలి ఉన్న రోజు 18లో వెళ్ళినవాడు, వెనకగాలి ఉన్న రోజు 26లో వెళ్ళినవాడి కంటే ఎక్కువ కష్టపడి ఉండొచ్చు. మామూలు ఫోనుకి ఆ గాలి తెలియదు. మీ తొడలకి తెలుసు. అయినా సాయంత్రానికి మనం నమ్మేది ఫోనునే, తొడల్ని కాదు. "ఇవాళ బాగా తొక్కలేదురా, యావరేజ్ పద్దెనిమిదే" అంటాం.

ఇంతకన్నా అన్యాయమైన ఏర్పాటు ఒకటుంది. దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఇలాంటి యాప్‌లలో ఆటో-పాజ్ అని ఉంటుంది. మీరు ఆగితే గడియారం ఆగుతుంది. మళ్ళీ కదిలితే మొదలవుతుంది. సగటు వేగాన్ని కదిలిన సమయంతోనే లెక్కగడతారు, ఆగిన సమయాన్ని పక్కన పెట్టేస్తారు. లేకపోతే సిగ్నళ్ళ వల్ల సగటు పాడవుతుందని. చిన్న ఇంజనీరింగ్ నిర్ణయం, సబబైనదే. కానీ ఆగిన సమయంలో ఏముందో ఒకసారి చూడండి.

మొయినాబాద్ దాటి చేవెళ్ళ వైపు వెళ్ళే రోడ్డు మీద మర్రిచెట్లున్నాయి. వందల చెట్లు, రోడ్డుకి రెండువైపులా, పైన కొమ్మలు కలిసిపోయి. హైవే వెడల్పు కోసం వాటిని ఉంచాలా కొట్టాలా అని ఏళ్ళతరబడి గొడవ నడిచింది, గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. ఎండాకాలం ఏడున్నరకి ఆ నీడలోకి వెళ్ళగానే చర్మం మీద ముందు తెలుస్తుంది, కంటికి తర్వాత. ఊడల మధ్య ఎక్కడో ఒక చిన్న హోటలు. గాజుగ్లాసులో టీ. పక్కన బెంచీ మీద టమాటా గంపలతో ఆటో కోసం చూస్తున్న ఒక పెద్దాయన, "ఏడికెళ్ళి వస్తున్రు బిడ్డా?" అని అడుగుతాడు. కొండాపూర్ నుంచి అంటే, "బస్సు దొరకలేదా?" అంటాడు జాలిగా. లక్ష రూపాయల సైకిలు పక్కన పెట్టుకుని ఆ జాలిని స్వీకరించడంలో ఒక సుఖం ఉంది. అక్కడ ఇరవై నిమిషాలు కూర్చుంటాం. మళ్ళీ ఎక్కి బయల్దేరతాం.

ఆ ఇరవై నిమిషాలు మన సగటులో లేవు. నీడ, టీ, ఆ పెద్దాయన, ఆ జాలి అన్నీ కదలని సమయం కింద తీసివేతకి పోయాయి. ఏం గుర్తుంచుకోవడానికి బయల్దేరామో సరిగ్గా అదే లెక్కలోంచి పోయింది. ఇంకొన్నాళ్ళకి ఏం జరుగుతుందంటే, లెక్కలో లేనిదాని కోసం ఆగడం మానేస్తాం. "ఆగితే ఒళ్ళు చల్లబడిపోతుంది, రిథమ్ పోతుంది" అంటాం. నాతో వచ్చే గుంపులోనే అలా మారిపోయినవాళ్ళున్నారు. 39.6 కిలోమీటర్ల దగ్గర ఇల్లు వచ్చేస్తే, 40 నిండేదాకా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్తంభాల చుట్టూ గుండ్రంగా తిరిగే పెద్దమనుషుల్ని చూశాను. వాచ్‌మన్ కుర్చీలోంచి లేచి నిలబడి చూస్తుంటాడు, సార్‌కి ఏమైందా అని. ఆ 400 మీటర్లు తొక్కింది ఎవరి కోసం?

*

"చూసేవాళ్ళుంటేనే కదా పొద్దున్నే లేవబుద్ధవుతుంది" అని మీరనొచ్చు. ఇది బలమైన వాదనే. కొలత వల్ల జనం ఎక్కువ చేస్తారు, నిజం. ఆ మాటకొస్తే రోజుకి 10,000 అడుగులు అన్న లక్ష్యం కూడా ఏ వైద్యుడి చీటీలోంచీ రాలేదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి పెట్టిన ఒక అడుగుల మీటరు పేరులోంచి వచ్చింది. ఆ పేరుకి పదివేల అడుగుల మీటరు అని అర్థం. గుండ్రటి అంకె, గుర్తుండిపోయింది, కోట్లమంది నడిచారు. మంచిదే.

కానీ నడిచినవాళ్ళకి నడక మీద ఇష్టం ఏమైంది? డ్యూక్ యూనివర్సిటీలో జోర్డన్ ఎట్కిన్ అనే పరిశోధకురాలు 2016లో సరిగ్గా దీని మీదే ఒక పరిశోధన ప్రచురించింది. బొమ్మలకి రంగులు వేయడం, నడవడం, చదవడం లాంటి సరదా పనులు చేస్తున్నవాళ్ళలో కొందరికి ఎంత చేశారో కొలిచి చూపించారు, కొందరికి లేదు. కొలిచినప్పుడు జనం ఎక్కువ చేశారు. కానీ తక్కువ ఆనందించారు. కొలత తీసేశాక ఆ పనిని కొనసాగించాలన్న ఆసక్తి కూడా తగ్గింది. సరదాగా చేసేది పనిలా అనిపించడం మొదలైందన్నమాట. దీన్ని చదివి నేనేమీ ఆశ్చర్యపోలేదు. ఆఫీసులో ఇష్టమైన ప్రోగ్రామింగ్‌కి టైమ్‌షీట్ తగిలించిన ప్రతివాడికీ ఇది అనుభవమే.

పై జాబితాలో చదవడం కూడా ఉందని గమనించారా? ఈ వ్యాసం చదువుతున్న మీకు, రాస్తున్న నాకు అది ఇంకా దగ్గరి విషయం. గుడ్‌రీడ్స్‌లో 2011 నుంచి ఏటేటా చదువు సవాలు నడుస్తోంది. ఈ ఏడాది 50 పుస్తకాలు, 52 పుస్తకాలు అని పెట్టుకుంటాం. నవంబరు వచ్చేసరికి "మీరు షెడ్యూలు కంటే 6 పుస్తకాలు వెనకబడి ఉన్నారు" అని కనిపిస్తుంది. అప్పుడు ఏం చేస్తాం? అల్మారాలో సన్నటి పుస్తకాలు వెతుకుతాం. ఏడొందల పేజీల నవల వచ్చే ఏటికి వాయిదా. ఒక పేజీ దగ్గర ఆగిపోయి, కిటికీలోంచి బయటికి చూస్తూ అరగంట గడపడం ఆ సవాలులో ఎక్కడా పడదు. అదీ ఆటో-పాజే. సెల్లార్‌లో గుండ్రంగా తిరిగే పెద్దమనిషిని చూసి నవ్వుకున్న మనం, డిసెంబరులో కథల సంపుటాల్ని గబగబా పూర్తిచేస్తూ అదే పని చేస్తుంటాం.

ఇంకొక అభ్యంతరం ఉంది, దీన్ని తేలిగ్గా తీసేయలేను. ఒంటరిగా తొక్కే ఆడవాళ్ళు. చీకటి ఉండగా బయల్దేరే ఒక స్నేహితురాలు తాను ఎక్కడుందో ఇంట్లో కనబడేలా ఫోనులో పెట్టుకునే వెళుతుంది. ఆవిడకి "అన్నీ ఆపేసి హాయిగా తొక్కండి" అని చెప్పే అర్హత నాకు లేదు. కానీ జాగ్రత్తగా చూస్తే అది వేరే పని. నేనెక్కడున్నానో నా మనిషి ఒక్కరికి తెలియడం ఒకటి. నా వేగం, నా రూటు, నా గుండె కొట్టుకున్న లెక్క మూడొందలమందికి తెలియడం ఇంకొకటి. మొదటిది ఇంట్లో చెప్పి బయల్దేరడం. అది అమ్మమ్మల కాలం నుంచీ ఉంది. పైగా రెండోది మొదటిదానికి శత్రువు. రోజూ ఒకే చోట మొదలై, ఒకే చోట ముగిసే గీత ఎవరిల్లు ఎక్కడో ఊరందరికీ చెబుతుంది. భద్రత కోసం ట్రాకింగ్ కావాలనేవాళ్ళు ముందు మూసేయాల్సింది ఆ బహిరంగ పట్టికనే.

*

ఇప్పటిదాకా మాట్లాడింది సంతోషం గురించి. "పోనీలే, నా సంతోషం నా ఇష్టం" అని మీరనేస్తే అక్కడితో అయిపోయేది. కానీ ఇది అక్కడితో ఆగదు.

2010లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ కొండల మీద ఒక సైక్లిస్టు, ఒక సెగ్మెంట్‌లో తాను పోగొట్టుకున్న మొదటి స్థానం కోసం వేగంగా దిగుతూ ప్రమాదంలో చనిపోయాడు. 2012లో కుటుంబం కోర్టుకెక్కింది. మరుసటేడు కోర్టు కేసు కొట్టేసింది. చట్టం దృష్టిలో యాప్ తప్పేమీ లేదు. తొక్కింది అతనే కదా. మన పట్టికల వృత్తి మొత్తం నిలబడింది ఈ వాక్యం మీదే: వాళ్ళంతట వాళ్ళే చేశారు. ఆ మనిషి చేత ఆ పని చేయించడానికి ఏ రంగు కిరీటం ఎక్కడ పెట్టాలి, కిరీటం పోయిన సంగతి ఏ మాటల్లో చెప్పాలి అని మాలాంటివాళ్ళు కూర్చుని ఆలోచిస్తారు. తర్వాత 2020 మేలో స్ట్రావా, సెగ్మెంట్ల పూర్తి పట్టికని డబ్బు కట్టినవాళ్ళకే చూపడం మొదలుపెట్టింది. వ్యాపారం, వాళ్ళిష్టం. కానీ సంగతేమిటో గుర్తుపెట్టుకుందాం. ఆ పట్టికలో సరుకు మన చెమటే. మనం ఉచితంగా ఇచ్చాం, మళ్ళీ మనమే కొనుక్కుంటున్నాం.

2018 జనవరిలో ఇంకో సంగతి బయటపడింది. అంతకు కొద్ది నెలల ముందు స్ట్రావా, తన వాడుకదారులు ప్రపంచమంతా ఎక్కడెక్కడ తిరిగారో వెలిగే గీతలుగా చూపించే మ్యాపు విడుదల చేసింది. ఎవరి పేర్లూ లేవు. అయినా ఎడారుల చీకట్లో చిన్న చిన్న వెలుగు చతురస్రాలు కనిపించాయి. జాగింగ్ చేస్తున్న సైనికులు తమ స్థావరాల ఆకారాన్ని తామే గీసేశారు. అందరూ ఆ వెలుగుల గురించి మాట్లాడారు. నాకు మాత్రం ఆ చీకటి గురించి మాట్లాడాలనిపిస్తుంది.

ఎందుకంటే అలాంటి మ్యాపులో మన ఊరు చూడండి. కేబీఆర్ పార్కు చుట్టూ, గండిపేట దారిలో, ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ధగధగలాడుతుంది. 2023 అక్టోబరులో ఆ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. పైన సోలార్ పలకల కప్పు. పైన ఎండ కరెంటవుతుంది, కింద చెమట డేటా అవుతుంది. బాగుంటుంది, నేనూ వెళతాను. కానీ 2011 జనగణన ప్రకారం దేశంలో దాదాపు 45 శాతం ఇళ్ళలో సైకిలుంది. ఆ ఇళ్ళలో జీపీఎస్ వాచీలున్న ఇళ్ళెన్ని? మా వాచ్‌మన్ రోజూ సైకిలు మీదే డ్యూటీకి వస్తాడు. పాలు పోసేవాళ్ళు, పేపరు వేసేవాళ్ళు, తాపీమేస్త్రీల దగ్గర పనికి పోయేవాళ్ళు, నగరంలో నిజంగా సైకిలు తొక్కేది వీళ్ళు. మ్యాపులో వీళ్ళు నడిచే దారి చీకటి. "స్ట్రావాలో లేకపోతే తొక్కనట్టే" అన్న జోకు ఇక్కడ జోకు కాదు, అక్షరాలా నిజం. 2014లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్ర రవాణా శాఖ 20,000 డాలర్లకి ఇలాంటి డేటా కొనుక్కుంది, సైకిళ్ళ దారులు ఎక్కడ అవసరమో చూడటానికి. ఉద్దేశం మంచిదే. కానీ కొలతకి చిక్కినవాళ్ళకే అవసరాలుంటాయనుకునే రోజు ఎంతో దూరంలో లేదు. అప్పుడు ఆదివారం షికారుకి సోలార్ కప్పు పడుతుంది, రోజూ కూలికి పోయే దారిలో కనీసం తెల్లగీత కూడా పడదు.

మరి కొలతకి చిక్కిన పేదవాళ్ళు లేరా? ఉన్నారు. రాత్రి పదింటికి మీరు బిర్యానీ ఆర్డరు పెట్టినప్పుడు ఫోను మీద కదిలే ఆ చిన్న బొమ్మ. ఎక్కువమంది మోటారు బళ్ళ మీద, కొందరు సైకిళ్ళ మీద. వాళ్ళకి ట్రాకింగ్ ఆఫ్ చేసే మీట లేదు. మలుపు దగ్గర ఆగితే ఎందుకాగావని మనమే ఫోను చేస్తాం. టీ తాగడానికి ఆగిన ఐదు నిమిషాలు వాళ్ళ సగటులో తీసివేతకి పోవు, రేటింగ్‌లోంచి పోతాయి. 2023లో రాజస్థాన్ దేశంలోనే మొదటిసారిగా ఇలాంటి పనివాళ్ళ కోసం చట్టం తెచ్చింది. ఎవరు ఎవరిని ఎలా కొలుస్తారన్నది చట్టసభల దాకా వెళ్ళాల్సినంత ప్రశ్న అయింది. పొద్దున మన చుక్క మ్యాపు మీద కదులుతుంటే మురిసిపోయి, రాత్రి ఇంకొకరి చుక్క కదలట్లేదని చిరాకుపడే మనకి, ఈ రెండు చుక్కలకీ ఉన్న చుట్టరికం కనబడాలి. నిఘాని ఆటలాగా అలవాటు చేసుకున్నవాడికి, దాన్ని బలవంతంగా మోస్తున్నవాడి బరువు అర్థం కాదు. ఈ అలవాటులో నన్ను అన్నిటికంటే ఎక్కువ భయపెట్టేది ఇదే.

*

1990ల మొదట్లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా పల్లెల్లోని ఆడవాళ్ళకి సైకిలు నేర్పారు. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ దాన్ని పట్టుబట్టి నడిపించారు. పి. సాయినాథ్ అక్కడ తిరిగి రాశారు. వ్యవసాయ కూలీలు, క్వారీల్లో రాళ్ళు కొట్టేవాళ్ళు, నర్సులు వేలాదిగా సైకిళ్ళెక్కారు. బస్సు కోసం ఎదురుచూపులు తగ్గాయి, ఎవరో మగవాడు వచ్చి దింపితే తప్ప కదల్లేని స్థితి పోయింది. నాకు ఆ కథలో దూరాల కంటే, వేగాల కంటే ఇంకొకటి పెద్దగా కనిపిస్తుంది. ఎటు వెళుతున్నావు, ఎప్పుడొస్తావు, ఎందుకంత సేపైంది అని ప్రతి అడుగుకీ లెక్క అడిగే ఇంటి నుంచి, వీధి నుంచి కాసేపు బయటపడటం. సైకిలు వాళ్ళకి ఇచ్చింది ఆ కాసేపుని. ఎవరికీ కనబడని, ఎవరికీ చెప్పక్కర్లేని దూరాన్ని.

వాళ్ళు అంత కష్టపడి సంపాదించుకున్నదాన్ని మనం వాచీలు కొనుక్కుని మరీ తిరిగి ఇచ్చేస్తున్నాం. ఇంట్లో నాన్న "ఎక్కడ తిరిగావురా ఇంతసేపు?" అని అడిగితే చిరాకుపడ్డ తరం మనది. ఇప్పుడు ఎవరూ అడగకుండానే సెకనుకొక చుక్క చొప్పున సమాధానం పంపిస్తున్నాం.

అడిగే ప్రశ్న కూడా మారిపోయింది. ఒకప్పుడు సైకిలు మీద వచ్చినవాణ్ణి "ఎటెళ్ళొచ్చావు?" అనేవాళ్ళు. ఇప్పుడు "ఎంత తొక్కావు?" అంటున్నారు. ఎటు అన్నదానికి జవాబు చెప్పాలంటే ఒక ఊరుండాలి, ఒక చెట్టుండాలి, మధ్యలో ఒక మనిషి కలవాలి. కనీసం ఒక కథ ఉండాలి. ఎంత అన్నదానికి అంకె చాలు. సాహిత్యం మీద ప్రేమ ఉన్నవాళ్ళు కనీసం ఈ ఒక్క కారణానికైనా మొదటి ప్రశ్న పక్షాన నిలబడాలి.

నేను ఎవర్నీ యాప్ తీసేయమనడం లేదు. పందెం కోసం తయారవుతున్నవాళ్ళు, డాక్టరు చెప్పినందుకు గుండె లెక్క చూసుకుంటున్నవాళ్ళు, చీకటి రోడ్డు మీద ఇంటివాళ్ళకి తెలిసేలా వెళ్ళేవాళ్ళు వాడుకోండి. అది పనిముట్టు. మిగతావాళ్ళం, అంటే మనలో ఎక్కువమందిమి, తొక్కేది ఎందుకో మనకే తెలుసు. బాగుంటుంది కాబట్టి. బాగుంటుంది అనడానికి రుజువు అక్కర్లేదు, సాక్షులక్కర్లేదు, స్థానం అసలే అక్కర్లేదు. ఫోను జేబులోనే ఉండనివ్వండి, పంచరైతే పనికొస్తుంది. రికార్డ్ బటన్ మాత్రం ముట్టుకోకండి. వచ్చాక ఎవరైనా ఎంత తొక్కావంటే, తెలియదు అని చెప్పండి. ఎటెళ్ళావంటే కూర్చోబెట్టి చెప్పండి.